చినుకు చెక్కిన చీకటి: మన గుహల సింహావలోకనం

ఉప్పల్ నుంచి నాచారం దాకా ఏ కాలనీలో ఏ వంటింట్లో అడుగుపెట్టినా ఒక నల్లటి బండ కనిపిస్తుంది. పొయ్యిగట్టుగానో, డబ్బాలు సర్దుకునే అరగానో, గోడలోకి దించిన అటకగానో అది మన ఇళ్లలో తరాలుగా కుదురుకుంది. కడప బండ అంటాం. భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అంటారు. కడప జిల్లాలో ఆ పేరున్న ఊరు ఉంది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు పుట్టింది ఈ రాతిపొరలోనే. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గవుల్లో లక్ష ఏళ్లకు మించిన నాటి జంతువుల ఎముకల్ని దాచిందీ ఈ పొరే. రోజూ మన చేతికి తగిలే రాయి మరోచోట మూడు కిలోమీటర్ల చీకటి మండపాలకు గోడై నిలిచిందని తెలిశాక, ఆ బండను మామూలు కళ్లతో చూడలేం.

ఉప్పల్ కింద మాత్రం గుహలు లేవు. ఇక్కడున్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు. బోరు వేసినవాళ్లందరికీ దాని సంగతి తెలుసు: వందల అడుగుల దాకా రాయే, పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే బూడిదరంగు దుమ్ము. గ్రానైటు నీటికి కరగదు. పగుళ్ల వెంట విడిపోయి, అంచులు అరిగి, గుండ్లై ఒకదాని మీద ఒకటి నిలుస్తుంది. హైదరాబాద్ గుట్టల అందమంతా అదే. ఆ గుండ్ల సందుల్లో తలదాచుకునే నీడ దొరుకుతుంది కానీ, నేల లోపలికి సాగిపోయే దారి దొరకదు.

అయినా మన గుహల గురించి రాయడానికి ఉప్పల్‌కు మించిన చోటు లేదు. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అందరం ఎన్‌జీఆర్‌ఐ అనే సంస్థ, ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. దేశపు పటాలు గీసే సర్వే ఆఫ్ ఇండియా తన ఉద్యోగులకు శిక్షణ ఇచ్చేది ఉప్పల్‌లోనే. నాగోలు దాటితే బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. గుహ ఒక్కటీ లేని ఈ తూర్పు హైదరాబాద్‌లోనే నేల లోపలి సంగతులు చదివేవాళ్లు ఇంతమంది చేరారు.

మనవాళ్లు గుహను చూసిన చూపు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. వేటగాడికి అది నీడ. భక్తుడికి దేవుడి ఇల్లు. వలస పాలన నాటి పరిశోధకుడికి ఎముకల గని. మన తరానికి విహారస్థలం. ఇప్పుడు శాస్త్రజ్ఞుడికి వానల చరిత్ర. ఈ చూపులన్నిటి వెనకా ఉన్న శిల్పి ఒక్కటే, అది నీరు. గుహను కాపాడటమంటే దాని మీద కురిసే వాననూ, ఆ వాన ఇంకే నేలనూ కాపాడటమే. వెనక్కి తిరిగి ఈ దారంతా చూస్తే ఆ నిజం ప్రతి మలుపులోనూ కనిపిస్తుంది.

రాయి, వాన, కాలం

నేల మీద చెట్టూ చేమా ఇంకా పుట్టని రోజుల్లో కడప, కర్నూలు ప్రాంతం లోతులేని సముద్రం. దాని అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడింది. సముద్రం పోయింది, రాయి మిగిలింది. ఆ తర్వాత వాన తన పని మొదలుపెట్టింది.

చినుకు గాలిలోంచి కొద్దిగా బొగ్గుపులుసు వాయువును కలుపుకొని వస్తుంది. నేలలోకి ఇంకేటప్పుడు వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలే అదే వాయువు ఇంకా ఎక్కువగా దానిలో చేరుతుంది. అప్పుడా నీరు చాలా బలహీనమైన ఆమ్లమవుతుంది. నాలుక గుర్తుపట్టలేనంత బలహీనం. సున్నపురాయి పగుళ్లలోకి దిగిన ఆ నీరు వేల ఏళ్లపాటు రాతిని కొంచెం కొంచెంగా కరిగిస్తూ పోతుంది. వెంట్రుకంత పగులు వేలంత సందవుతుంది. సందు సొరంగమవుతుంది. భూగర్భ జలమట్టం కిందికి జారినప్పుడు సొరంగం ఖాళీ అయి గాలి నిండుతుంది. అప్పటికి గుహ సిద్ధమైనట్టు.

అక్కడి నుంచి నీరు తిప్పికట్టడం మొదలుపెడుతుంది. కరిగించి తెచ్చిన సున్నంతో పైకప్పున వేలాడే చుక్క, గుహ గాలి తగలగానే తనలోని వాయువును వదిలేస్తుంది. వాయువు పోతే సున్నాన్ని మోసే శక్తి పోతుంది. పలచటి స్ఫటికపు పొర ఒకటి అంటుకుపోతుంది. పైనుంచి దిగే ఊడ స్టాలక్టైట్, కింద చుక్క పడినచోట లేచే మొన స్టాలగ్మైట్. రెండూ కలిస్తే స్తంభం. చాలాచోట్ల ఏడాదికి పెరిగేది మిల్లీమీటరులో కొద్దిభాగమే. మనిషెత్తు స్తంభం ముందు నిలబడితే, రాజ్యాలన్నీ పుట్టి పోయిన కాలమంతా మన ఎదుట నిలబడి ఉన్నట్టే.

మునుల గవులు, వీరుల బిలాలు

శాస్త్రం రాకముందే మన గుహలకు కథలున్నాయి. నంద్యాల జిల్లా యాగంటిలో కొండచరియ గుహల్లో అగస్త్యుడు తపస్సు చేశాడంటారు. అక్కడి కోనేటిలోకి కొండలోంచి నీరు ఏడాది పొడవునా వచ్చి చేరుతుంది. ఆ నీరు దేవుడి మహిమ అన్నారు పెద్దలు. వానను తనలో ఇంకించుకుని నెమ్మదిగా వదిలే రాతి గుణమని నేటి చదువు చెబుతుంది. నీరు ఉన్నచోటే పవిత్రత కుదిరిందన్న మాటలో మాత్రం రెండు వాదాలకూ తేడా లేదు. బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో కూర్చుని పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానం రాశాడని సీమ జనం నమ్మకం. ఆ మాట మీద గౌరవంతో ఇప్పటికీ జనం ఆ గుహకు వెళ్తూనే ఉన్నారు.

పల్నాడులో గుత్తికొండ బిలం ఉంది. శ్రీకృష్ణుణ్ని తరుముకుంటూ వచ్చిన కాలయవనుడు ముచుకుందుడి చూపు తగిలి భస్మమైన చోటు ఇదేనని స్థలపురాణం. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఈ బిలంలోకి నడిచి వెళ్లిపోయాడని వీరగాథల నమ్మకం. అంత నెత్తురు చూసిన మనిషిని పల్నాడు శ్మశానానికి పంపలేదు, బిలంలోకి పంపింది. గుహంటే మన జనానికి చావుకూ బతుక్కూ మధ్య ఉన్న చోటని ఈ ఒక్క ముగింపు తెలియజేస్తుంది. శ్రీశైలం ఎగువన కృష్ణలో పడవ మీద వెళ్లి చేరే అక్కమహాదేవి గుహకూ అదే మర్యాద దక్కింది. పన్నెండో శతాబ్దపు ఆ కన్నడ వచనకవయిత్రి మల్లికార్జునుణ్ని వెతుక్కుంటూ నల్లమలకు వచ్చి అక్కడ ధ్యానం చేసిందంటారు.

సహజ గుహలు చాలక మనవాళ్లు కొండలు తొలిచి గుహలు చేసుకున్నారు. క్రీస్తుకు ముందే గుంటుపల్లిలో బౌద్ధ భిక్షువులు వానాకాలపు విడుదుల కోసం ఇసుకరాతి కొండను చెక్కారు. కృష్ణ ఒడ్డున ఉండవల్లిలో అంతస్తుల మీద అంతస్తులుగా తొలిచిన గుహలో అనంతశయనుడు పడుకుని ఉన్నాడు. ఉలి చేసిన ఆ పనికి వేరే చరిత్ర ఉంది. ఇక్కడ మన విషయం చినుకు చేసిన పని. 1951 నాటి పాతాళ భైరవి సినిమాలో తెరమీద చూసిన పాతాళ గుహ కూడా ఈ బిలాల ఊహలోంచే పుట్టింది. గుహలో దిగినవాడికి దొరికితే వరం, లేకపోతే బలి అన్న భావం మన జానపదంలో అంతగా నాటుకుంది.

ఎముకల గవి

1844లో మద్రాసు సైన్యంలో పనిచేసే కెప్టెన్ న్యూబోల్డ్ ఒక వ్యాసం అచ్చువేశాడు. కర్నూలు ప్రాంతంలో బిల్లసర్గం అనే చోట గుహల మట్టిలో గట్టిపడిన ఎముకలున్నాయని చెప్పాడు. దాదాపు నలభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. చివరకు ఇంగ్లండు నుంచి జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ పూనుకుని, ఆ గుహల్లో తవ్వకం జరగాలని మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్‌ను ప్రోత్సహించాడు. ఆ పని రాబర్ట్ బ్రూస్ ఫుట్ చేతికి వచ్చింది.

ఫుట్ అప్పటికే పేరుమోసిన భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించి, ఈ దేశంలో ఆదిమ మానవుడి ఉనికికి మొదటి రుజువు చూపినవాడు. బిల్లసర్గానికి తన కొడుకు హెన్రీని వెంటబెట్టుకొచ్చాడు. 1883, 1884ల్లో తండ్రీకొడుకులు గుహల నేలను పొరలు పొరలుగా తవ్వించారు. పెద్ద గుహకు కెథడ్రల్ అనీ, ఎముకలు కుప్పలుగా దొరికిన గుహకు చార్నెల్ హౌస్ అనీ పేర్లు పెట్టారు. దొరికిన ఎముకల్ని జీవాశ్మ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ లైడెక్కర్ పరిశీలించి 1886లో ప్రకటించాడు. కర్నూలు పేరు మోసే ఖడ్గమృగం ఒకటి అలా శాస్త్రంలోకి ఎక్కింది. ఇప్పుడు వేరుశనగ, కంది పండే ఆ మెట్టలో ఒకప్పుడు ఖడ్గమృగాలు మేశాయి.

ఆ తర్వాత పురావస్తు పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తి 1970ల్లో ఆ పరిసరాల గవుల్లో మళ్లీ తవ్వారు. ముచ్చట్ల చింతమాను గవిలో ఎముకతో చేసిన పనిముట్లు పెద్దసంఖ్యలో బయటపడ్డాయి. ఒక పొయ్యి ఆనవాలు దొరికింది. దాని వయసు సుమారు 17 వేల ఏళ్లని తేలింది. మంచుయుగం చివరి రోజుల్లో ఒక కుటుంబం ఆ గవిలో నిప్పు రాజేసుకుని కూర్చుంది. వ్యవసాయం ఎరుగని, కుండ ఎరుగని మన పూర్వీకుల వంట నిప్పు అది. తెలుగు నేల మీద ఇంతకంటే ఆప్యాయమైన పురావస్తువు మరొకటి నాకు తోచదు.

అదే ప్రాంతంలో జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం ఉంది. సుమత్రాలో టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ల కిందట పేలినప్పుడు గాలిలో వచ్చిపడ్డ బూడిద అక్కడ పొరగా పేరుకుంది. ఆ బూడిదకు కిందా పైనా మనుషుల రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంత పెద్ద విలయం తర్వాత కూడా ఆ లోయలో మనిషి జాడ పూర్తిగా చెరగలేదన్నమాట.

బిల్లసర్గం మీద 2014లో వచ్చిన మరో పరిశోధన ఇంకా లోతైన మాట చెప్పింది. అక్కడ గుర్తించిన 21 రకాల పాలిచ్చే జంతువుల్లో 20 కనీసం లక్ష ఏళ్ల నుంచి ఈనాటి దాకా ఈ ఉపఖండంలో కొనసాగుతున్నాయి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పెద్ద జంతువులు చాలావరకు అంతరించిపోయిన కాలమది. మన దేశంలో మనిషీ జంతువూ కలిసి ఇంతకాలం మనగలిగాయన్న సాక్ష్యం ఒక కర్నూలు గవిలో దొరికింది.

బెలుం: పొలాల కింద నగరం

బెలుం ప్రత్యేకత దాని పైభాగంలో ఉంది. కొండ లేదు, లోయ లేదు. చదునైన పొలం మధ్య బావుల్లాంటి గుంతలున్నాయి. అందులోంచి దిగితే కింద 3,229 మీటర్ల దారులు కొలిచారు. భారత ఉపఖండంలో మేఘాలయ గుహల తర్వాత ఎక్కువమంది చెప్పుకునే పొడవైన గుహ ఇదే.

ఫుట్ 1884లోనే దీన్ని ప్రస్తావించాడు. తర్వాత వందేళ్ల దాకా ఊరివాళ్లకు తప్ప ఎవరికీ పట్టలేదు. 1982 నుంచి 1984 మధ్య డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి, బురదలో పాకి, తాళ్లు కట్టి, కొలిచి, పటం గీశారు. 1985లో రాష్ట్ర ప్రభుత్వం రక్షిత స్థలంగా ప్రకటించింది. 1999లో పర్యాటక శాఖ బాధ్యత తీసుకుని బురద తోడించి, దారులు వేసి, దీపాలు పెట్టి, గాలి అందించే ఏర్పాట్లు చేసింది. 2002 ఫిబ్రవరిలో జనాన్ని లోపలికి అనుమతించింది.

సింహద్వారం దాటాక కోటిలింగాలు, ఊడలమర్రి, వేయిపడగలు, మాయామందిరం, సప్తస్వరాల గుహ అంటూ గైడ్లు పేర్లు చెబుతుంటారు. సప్తస్వరాల గుహలో రాతి ఊడల్ని కర్రతో తడితే లోహపు స్వరం పలుకుతుంది. అన్నిటికన్నా లోతైనచోట, ద్వారానికి 46 మీటర్ల కింద, పాతాళగంగ ఉంది. చిన్న ప్రవాహం ఒకటి వచ్చి రాతిలోకి మాయమైపోతుంది. బెలుం ఊరి బావికి చేరేది ఆ నీరేనని స్థానికుల నమ్మకం. గుహలో దొరికిన బౌద్ధ అవశేషాల వల్ల భిక్షువులు ఇక్కడ ఉన్నారని తెలుస్తోంది. ఎండాకాలపు సీమ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకు, వాళ్లు నేల కిందికి ఎందుకు దిగారో చెప్పక్కర్లేదు.

బెలుం గోడల్ని గమనించండి. అవి చెక్కినట్టు నున్నగా, అలలు అలలుగా ఉంటాయి. ఒకప్పుడు ఆ సొరంగాలు నిండా పారిన నీటి జోరు అది. అందువల్ల బెలుం అందం ఊడల్లో కన్నా దారుల్లో, ఆ దారుల వంపుల్లో ఎక్కువ.

బొర్రా: కొండకు దక్కిన న్యాయం

విశాఖ వైపు అనంతగిరి కొండల్లో బొర్రా మరో తీరు. అక్కడ రాయి తూర్పు కనుమల ఖొండలైటు శిలల నడుమ చిక్కుకుని, వేడికీ ఒత్తిడికీ పాలరాతిలా మారిన సున్నపురాయి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, గోస్తనీ నది ఒడ్డున గుహ విశాలంగా తెరుచుకుంటుంది. బెలుంలో నడిచి చూడాలి, బొర్రాలో తల పైకెత్తి చూడాలి. పైకప్పు నుంచి దిగిన ఊడలూ, కింద లేచిన స్తంభాలూ ఎన్నో ఆకారాలతో చూపును పట్టేస్తాయి. ఆవు ఒకటి గుహ పైనున్న కంతలోంచి పడిపోయిందనీ, వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లింగం కనిపించిందనీ గిరిజనుల కథ. ఆ ఆవు పేరుతోనే నది గోస్తనీ అయిందంటారు.

బొర్రాను 1807లో విలియం కింగ్ జార్జ్ అనే జియలాజికల్ సర్వే ఉద్యోగి కనుగొన్నాడని ప్రతిచోటా రాస్తుంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పుట్టిందే 1851లో. కాబట్టి ఆ సంవత్సరమూ ఆ ఉద్యోగమూ కలిసి నిజం కాలేవు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఉన్నమాట వాస్తవమే. కడప, కర్నూలు రాళ్ల మీద ఆయన 1872లో రాసిన గ్రంథం ఈ రంగంలో తొలి పునాది. బొర్రాను మొదట చూసింది మాత్రం ఆ కొండల్లో తరతరాలుగా పశువులు కాసినవాళ్లు. ఆ గౌరవం వాళ్లకే చెందాలి.

ఆధునిక కాలం బొర్రాకు రెండు దిక్కుల నుంచి వచ్చింది. 1960ల్లో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. ఆ పట్టాలు గుహ మీదుగానే పోతాయి. రెండోది గనుల తవ్వకం. బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో కాల్సైటు తదితర ఖనిజాల కోసం ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది. సమత అనే సంస్థ గిరిజనుల తరఫున కోర్టుకెక్కింది. 1997 జులైలో సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ గనుల కోసం లీజుకివ్వడం చెల్లదన్నది. దేశమంతటా గిరిజన హక్కుల కేసుల్లో ఈనాటికీ వినిపించే సమత తీర్పు బొర్రా పంచాయతీ నేల మీద పుట్టింది. భూమి ఎవరిదన్న ప్రశ్న తేలకుండా గుహను ఎవరు కాపాడాలన్న ప్రశ్న తేలదని ఆ కొండలు చెప్పాయి.

జాతీయ వనం లోపల

గుహను ఒంటరిగా కాక, దాని అడవితో సహా కాపాడిన ఉదాహరణ మనకు పొరుగునే ఉంది. బస్తర్‌లో జగదల్‌పూర్ దగ్గరి కాంగేర్ లోయను 1982లో జాతీయ వనంగా ప్రకటించారు. సాల, టేకు అడవుల కింద సున్నపురాతిలో కోటుంసర్, కైలాస, దండక్ గుహలున్నాయి. కాంగేర్ నది కొలాబ్‌లో కలుస్తుంది. ఆ కొలాబే కిందికి వచ్చాక మన శబరి. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలిసి పాపికొండల జాతీయ వనం గుండా సముద్రానికి పోతుంది. కోటుంసర్ పైకప్పు నుంచి జారిన చుక్క ఏదో ఒకనాడు భద్రాచలం దిగువన మన గోదావరి నీరవుతుంది.

కోటుంసర్‌ను 1950ల్లో శంకర్ తివారీ అనే పరిశోధకుడు లోకానికి తెలియజేశాడు. గుహలోని నీటిగుంటల్లో చిన్న చేప ఉంది. తరతరాల చీకటిలో బతికి దాని కళ్లు క్షీణించాయి, ఒంటి రంగు పాలిపోయింది. అక్కడే దొరికిన ఒక చీకటి కీచురాయి జాతికి తివారీ పేరు మీద శంకరి అని పేరు పెట్టారు. వానాకాలంలో గుహలోకి వరదనీరు చేరుతుంది కాబట్టి ఆ నెలల్లో జనాన్ని రానివ్వరు. చేపకు ఏడాదికి ఆహారం అందించేది ఆ వరదే. పైనున్న అడవి రాల్చిన ఆకూ కొమ్మా పురుగూ నీటితో కొట్టుకొచ్చి చీకటిలో విందవుతాయి. అడవి నరికేస్తే చేప ఆకలితో చస్తుంది. జాతీయ వనమన్న మాటకు నేల పైనా కిందా కలిసిన అర్థం కాంగేర్‌లో కనిపిస్తుంది.

ప్రపంచంలోనూ ఇదే బాట. అమెరికాలో 680 కిలోమీటర్లకు పైగా కొలిచిన మామత్ కేవ్ జాతీయ వనం. వియత్నాంలో ఒక గ్రామస్థుడు చూపగా 2009లో కొలిచిన సన్ డూంగ్ మహాగుహ కూడా జాతీయ వనంలోనిదే.

మన గుహల్లో కూడా ఇలాంటి బంధువులున్నాయి. గుత్తికొండ బిలంలో 2011లో నాగార్జున విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వై. రంగారెడ్డి, మరో శాస్త్రజ్ఞుడితో కలిసి ఒక కొత్త ప్రాణిని వర్ణించారు. రొయ్యకు దూరపు చుట్టం. కళ్లు లేవు. దాని ప్రజాతికి ఆంధ్రకాయిడెస్ అని పేరు పెట్టారు. దీని దగ్గరి బంధువులు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. సముద్రం దాటలేని ఈ ప్రాణి రెండు ఖండాల్లో ఎలా ఉంది? భారతదేశం, ఆస్ట్రేలియా, ఆఫ్రికా ఒకే గోండ్వానా ఖండంగా ఉన్ననాడే దీని పూర్వీకులు భూగర్భ జలంలో ఉన్నాయి. ఖండం ముక్కలై దూరమైనా, హిమాలయాలు లేచినా, ఆ నీటిని అంటిపెట్టుకుని ఉండిపోయాయి. బెలుంలో దొరికిన ఇలాంటిదే మరో జాతికి గెబవర్ పేరు పెట్టి రుణం తీర్చుకున్నారు. బ్రహ్మనాయుడు నడిచి వెళ్లిన బిలంలో ఆయనకంటే కోట్ల ఏళ్లు పాతదైన నివాసి ఉంది.

ఉప్పల్ రోడ్డు మీద వానల దస్తరం

ఇక అన్నిటికన్నా కొత్త చూపు. స్టాలగ్మైట్‌ను నిలువునా కోస్తే సన్నటి పొరలు కనిపిస్తాయి. కరణం దస్తరంలో ఏటేటి శిస్తు లెక్కలాగా ఆ పొరల్లో వానల లెక్క ఉంటుంది.

చదివే పద్ధతి ఇది. నీటిలోని ఆక్సిజన్‌లో తేలిక పరమాణువులూ, కొద్దిపాటి బరువు పరమాణువులూ ఉంటాయి. మన ప్రాంతంలో రుతుపవనం బలంగా కురిసిన ఏళ్లలో వాననీటిలో బరువు పరమాణువుల పాలు తగ్గుతుంది, కరువేళ్లలో పెరుగుతుంది. ఆ నీటి నుంచే పొర ఏర్పడుతుంది కాబట్టి తేడా రాతిలో నిలిచిపోతుంది. పొర పొరకూ కొద్దికొద్దిగా పొడి తీసి యంత్రంలో తూస్తారు. వయసు తేల్చడానికి యురేనియం, థోరియం లెక్క వాడతారు. యురేనియం నీటిలో కరిగి రాతిలోకి వస్తుంది, థోరియం దాదాపు కరగదు. కనుక రాతిలో కనిపించే థోరియం చాలావరకు ఆ యురేనియం క్షయమై పుట్టిందే. ఎంత పుట్టిందో చూస్తే ఎన్నేళ్లయిందో తెలుస్తుంది.

ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రజ్ఞులు తైవాన్ పరిశోధకులతో కలిసి దక్షిణ భారతంలోని వాల్మీకి గుహ నుంచి తెచ్చిన స్టాలగ్మైట్‌ను ఇలా చదివారు. సుమారు 15,700 నుంచి 14,700 ఏళ్ల కిందటి దాకా, మంచుయుగం కరుగుతున్న ఒక వెయ్యేళ్లలో రుతుపవనం ఎలా పెరిగిందో తరిగిందో వివరంగా రాశారు. ఆ పరిశోధన 2014లో వెలువడింది. ముచ్చట్ల గవిలో నిప్పు రాజేసిన మనుషుల వారసులు చూసిన వానలవి.

కాంగేర్ వనంలోని దండక్ గుహ రాయి మన చరిత్రకు ఇంకా దగ్గరిది. 2007లో వచ్చిన పరిశోధన క్రీ.శ. 600 నుంచి 1500 దాకా రుతుపవనాల లెక్క బయటపెట్టింది. అందులో పద్నాలుగో శతాబ్ది మధ్య నుంచి దాదాపు వందేళ్లు పదే పదే వానలు ముఖం చాటేశాయి. దక్కను చరిత్రలో దుర్గాదేవి కరువుగా పేరుపడ్డ 1396 నుంచి 1407 దాకా సాగిన మహాకరువు సరిగ్గా ఆ కాలంలోదే. జనం నోట కరువుకు ఒక దేవత పేరు మిగిలితే, గుహ ఆ కరువును పొరపొరగా రాసుకుంది. చెరువులు తవ్వినవాళ్లు, గ్రామాలు వదిలి వలసపోయినవాళ్లు ఎందుకలా చేశారో అర్థం కావాలంటే శాసనాలతోపాటు ఈ రాళ్లు కూడా చదవాలి.

మేఘాలయలోని మామ్‌లూ గుహ స్టాలగ్మైట్ ఇంకో మెట్టు పైకెక్కింది. 4,200 ఏళ్ల కిందటి పెద్ద కరువును అది అంత స్పష్టంగా చూపడంతో, ఇప్పుడు మనం బతుకుతున్న భూగర్భ కాలానికి మేఘాలయన్ యుగమని పేరు పెట్టడానికి 2018లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘం ఆమోదముద్ర వేసింది. భూమి వయసును లెక్కగట్టే ప్రపంచ పట్టికలో మన దేశపు గుహ ఒక యుగానికి కొలబద్ద అయింది.

ఇక చేయవలసింది

గుహ కనిపించిన ప్రతి తరమూ దాన్నుంచి తీసుకుంది. నీడ, దైవం, ఎముక, టికెట్టు, విజ్ఞానం అన్నీ తీసుకున్నాం. ఇచ్చింది మాత్రం తక్కువ. ఇవ్వాల్సింది ఏమిటో తెలియకపోవడం వల్ల కాదు, గుహ అంటే ద్వారం నుంచి లోపలే అనుకోవడం వల్ల.

ఫ్రాన్స్‌లో లాస్కో గుహ సందర్శకుల ఊపిరికీ దీపాల వెలుగుకూ పచ్చని పాచి పట్టి పాడవుతోందని 1963లో జనానికి మూసేశారు. మన బెలుంలో, బొర్రాలో దీపాల చుట్టూ పాచి పెరగకుండా వేడి తక్కువ దీపాలను, జనం ఉన్నప్పుడే వెలిగేలా పెట్టాలి. ఊడల్ని చేత్తో తడమనివ్వకూడదు. చర్మపు జిడ్డు అంటితే ఆ చోట స్ఫటికం పెరగడం ఆగిపోతుంది. ఇవి సులభమైన పనులు.

కష్టమైన పని నేల పైన ఉంది. కొలిమిగుండ్ల, బేతంచెర్ల ప్రాంతాల్లో సున్నపురాయి గనులూ సిమెంటు ఫ్యాక్టరీలూ బండల క్వారీలూ వేలమందికి కూడు పెడుతున్నాయి. అవి ఉండాలి. అయితే గుహ పైన ఎంత దూరం దాకా వాన ఇంకి లోపలికి చేరుతుందో కొలిచి, ఆ మేరకు పేలుళ్లూ తవ్వకాలూ మురుగూ లేకుండా హద్దు గీయాలి. ఆ హద్దు గీయగల నిపుణులు మన తూర్పు హైదరాబాద్‌లోనే ఉన్నారు. నేల లోపలి నీటి దారులు పట్టగల ఎన్‌జీఆర్‌ఐ, పటం గీయగల సర్వే ఆఫ్ ఇండియా, రాతిని చదవగల జియలాజికల్ సర్వే శిక్షణ సంస్థ, మూడూ కలిసి రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి గవికీ బిలానికీ ఒక పటం, ఒక నీటి హద్దు, ఒక జీవుల జాబితా తయారుచేయాలి. ఆ పుస్తకం తెలుగులో రావాలి. కొలిమిగుండ్ల రైతూ బొర్రా గిరిజనుడూ తన నేల కింద ఏముందో అందులో చదవగలగాలి. పర్యాటక రాబడిలో వాటా వాళ్లకు అందితే, ఏ కాపలాదారుకన్నా వాళ్లే గట్టి కాపలా అవుతారు.

బొర్రాలో కోర్టు భూమి ఎవరిదో తేల్చింది. కాంగేర్‌లో అడవితో కలిపి గుహను కాపాడవచ్చని తేలింది. దండక్ రాయి, వాన తప్పితే ఎంతటి కరువు వస్తుందో చూపింది. ఈ మూడు పాఠాలూ కలిపి చట్టంగా మార్చే పని మన తరానిది. గుహ మీది నేలనూ, ఆ నేల తాగే వాననూ గుహలో భాగంగా మన చట్టాలు లెక్కించాలి. నాచారం బడిలో కూర్చున్న పిల్లల మనవలకు కూడా పాతాళగంగ పారుతూ కనిపించాలంటే దగ్గరదారి మరొకటి లేదు.